టీవీలో 40 నిమిషాలు, మన గేటు కాడ 40 రోజులు

పెంపుడు కుక్కల షోలన్నిటిదీ ఒకటే అల్లిక. మొదట కుక్క సోఫా చింపుతుంది, వచ్చినవాళ్ల మీదికి ఎగబడుతుంది, ఇంటామె కండ్లనీళ్లు పెట్టుకుంటుంది. పది నిమిషాలకు ట్రైనర్ కారు దిగుతాడు. నాలుగు తిండి ముక్కలు పెట్టేసరికి కుక్క కుదురుగా కూర్చుంటుంది. ఆఖరుకు అందరూ పార్కులో నవ్వుకుంటూ నడుస్తారు. అది చూసిన మర్నాడు హనుమకొండలోనో కాజీపేటలోనో ఒక ఇంట్లో లాబ్రడార్ ముందు బిస్కెట్ పట్టుకొని "సిట్, సిట్" అని ఇరవై సార్లు అని, "దీనికి బుర్ర లేదు" అని తేల్చేస్తారు. కుక్కకు బుర్ర సక్కగానే ఉంది. షోలో కోసేసింది మధ్యలోని వారాలను.

అయినా ఈ షోలు చూడొద్దని అనను. ఏది చూడాలి, దేన్ని నమ్మొద్దు, మన ఇంటికి ఎట్లా తెచ్చుకోవాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు రెండు రకాలను వేరు చేసుకోవాలి. 1980లో బీబీసీలో కుక్కల పాఠాలు చెప్పి ఇంటింటా పేరు తెచ్చుకున్న బార్బరా వుడ్‌హౌస్ వాడింది మెడ బిగుసుకునే గొలుసు. 2004లో నేషనల్ జియోగ్రాఫిక్ ఛానల్‌లో మొదలై 2012 దాకా నడిచిన సీజర్ మిలాన్ 'డాగ్ విస్పరర్' కూడా ఆ దారిలోదే: మందకు నాయకుడివి నువ్వు, కుక్క లొంగాలి. పాజిటివ్ ట్రైనింగ్‌ను, అంటే దండించకుండా బహుమతితో నేర్పే పద్ధతిని, టీవీకి గట్టిగా పట్టుకొచ్చింది 2005లో బ్రిటన్ ఛానల్ 4లో వచ్చిన విక్టోరియా స్టిల్‌వెల్ 'ఇట్స్ మీ ఆర్ ద డాగ్'. తర్వాత అదే షో యానిమల్ ప్లానెట్ కోసం అమెరికాలోనూ తీశారు. రెండు రకాల షోల్లోనూ కుక్క చివరకు నెమ్మదిస్తుంది. తేడా అంతా ఆ నెమ్మది ఎక్కడి నుంచి వచ్చిందన్న దాంట్లో ఉంది.

నాయకుడి సిద్ధాంతం తోడేళ్ల నుంచి వచ్చింది. 1947లో జంతు శాస్త్రవేత్త రుడాల్ఫ్ షెంకెల్ జూలో బంధించిన తోడేళ్లను చూసి దాన్ని రాశాడు. తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెచ్ 1970 నాటి పుస్తకంతో ఆ మాట లోకమంతా పాకింది. అదే మెచ్ అడవిలో తిరిగే తోడేళ్లను ఏండ్ల తరబడి చూసి, 1999లో తన మాట తానే సవరించుకున్నాడు: అడవిలో మంద అంటే తల్లీ తండ్రీ, వాటి పిల్లలు. అంటే ఒక సంసారం, కుర్చీ కోసం కొట్లాట కాదు. అమెరికాలోని పశువైద్యుల ప్రవర్తన సంఘం 2021లో ఇంకా సూటిగా చెప్పింది: కరిచే కుక్కకైనా సరే, బహుమతితో నేర్పే పద్ధతే వాడాలని. 'డాగ్ విస్పరర్'లో తెర మీద "నిపుణులను అడగకుండా ఇవి ఇంట్లో చేయొద్దు" అన్న హెచ్చరిక వచ్చేది. ఫోన్లో తిరిగే అర నిమిషం ముక్కల్లో ఆ అక్షరాలు చాలాసార్లు ఎటో పోతాయి, మెడ గుంజడం మాత్రం మిగులుతుంది.

ఏ షో అయినా సౌండ్ బంద్ చేసి ఒకసారి చూడండి. పాట, వ్యాఖ్యానం పోతే కుక్క ఒక్కటే మిగులుతుంది. ఎదుట తిండి లేకున్నా నాలుకతో పెదవులు తడుపుకోవడం, నిద్ర లేకున్నా ఆవులింత, మొహం పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం, తోక కాళ్ల నడుమ దూరడం, ఒళ్లంతా కట్టెలా బిగుసుకోవడం - ఇవి భయం గుర్తులు. "చూశారా, ఎంత శాంతంగా అయ్యిందో" అని యాంకర్ అంటున్నప్పుడు ఇవే కనబడితే, కుక్క నేర్చుకోలేదు, చేతులెత్తేసింది. నిజంగా నేర్చుకున్న కుక్క ఒళ్లు వదులుగా ఉంటుంది, నోరు కాస్త తెరిచి ఉంటుంది, తర్వాత ఏం చేయమంటావన్నట్టు మొహంలోకి చూస్తుంది.

షోలో ట్రైనర్ చేతిని కూడా గమనించండి. మంచి ట్రైనర్ పని చేసిన క్షణంలోనే ఒక చిన్న చప్పుడో, చిన్న మాటో వినిపిస్తాడు, ముక్క ఆ తర్వాత అందుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ 1951లోనే పిల్లల టిక్‌టిక్ బొమ్మతో కుక్కకు ఇట్లా నేర్పవచ్చని రాశాడు. డాల్ఫిన్లకు ఈలతో నేర్పిన కారెన్ ప్రయర్ దీన్ని కుక్కలవాళ్లలోకి బాగా తీసుకెళ్లింది. దుకాణంలో క్లిక్కర్ (నొక్కితే టిక్‌మనే చిన్న డబ్బీ) దొరక్కపోతే బటన్ నొక్కే బాల్‌పెన్ చాలు. లేదంటే "యస్" అనే ఒక్క పొట్టి మాట. అది పని జరిగిన సెకను లోపల పడాలి. కుక్క కూర్చుంది, మీరు డబ్బా మూత తీసి ముక్క వెతికేలోపు లేచి నిలబడింది, అప్పుడు నోట్లో పెట్టారు: మీరు నేర్పింది లేవడం.

ముక్క ఏమిటన్నది కూడా షోలో చెప్పరు, ఎందుకంటే అక్కడ ప్యాకెట్ కొని పోసుకుంటారు. మనకు చికెన్ దుకాణం గల్లీ చివరే ఉంటుంది. బొక్క లేని చికెన్ గాని కార్జం గాని ఉప్పు, కారం లేకుండా ఉడికించి శెనగగింజంత ముక్కలు కోస్తే, 50 గ్రాములకు 50కి పైనే వస్తాయి. నాలుగైదు సార్లకు సరిపోతాయి. కార్జం రోజూ పెట్టొద్దు, విరేచనాలు పడతాయి. శాకాహారం ఇండ్లల్లో పనీర్ ముక్కలు, ఉప్పు లేని ఉడికిన పల్లీలు నడుస్తాయి. గ్లూకోజ్ బిస్కెట్ మాత్రం పనికిరాని సరుకు: చక్కెర ఎక్కువ, విరిగి నేల మీద పొడి రాలుతుంది, కుక్క ఆ పొడి నాకుతూ పాఠం మరిచిపోతుంది. ఇంటి కూరలోని ముక్క అసలే వద్దు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క రక్తాన్ని చెడగొడతాయి. కిస్‌మిస్, చాక్లెట్ కూడా విషమే. రోజు తిండిలో ఈ ముక్కల వాటా పదో వంతు దాటొద్దు, ఆ మేరకు రాత్రి గిన్నెలో తగ్గించాలి.

ఇప్పుడు మన ఇండ్లల్లో నూటికి తొంబై మంది అడిగే విషయం: గేటు. పాలాయన బండి ఆపుతాడు, కుక్క ఉరికి మొరుగుతుంది, పాలాయన పాకెట్ పెట్టి వెళ్లిపోతాడు. కుక్క లెక్కలో ఏం జరిగింది? "నేను మొరిగాను, వాడు పారిపోయాడు." రోజుకు పది మందిని ఇట్లా గెలుస్తుంది. మీరు లోపలి నుంచి "ఏయ్, ఊకో" అని అరిస్తే, ఇంటివాళ్లు కూడా తనతో కలిసి మొరుగుతున్నారని సంబురపడుతుంది. కాబట్టి మొదటి పని పాఠం కాదు, ఆ గెలుపును ఆపడం. గేటు ఊచలకు కింది నుంచి మూడు నాలుగు అడుగుల దాకా ఆకుపచ్చ షేడ్ నెట్ గాని రేకు గాని కట్టండి. పాలు, పేపరు, నీళ్ల క్యాన్ వచ్చే టైముకు కుక్కను వెనక గదిలో ఉంచండి. రోజంతా గేటు పక్కన గొలుసుకు కట్టేయడం మాత్రం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. కదలలేని కుక్కకు మొరగడం ఒక్కటే మిగులుతుంది.

తర్వాత ఒక బొంత తీసుకోండి. నాలుగు మడతలు వేసి, దర్వాజ కనబడేలా ఎనిమిది పది అడుగుల లోపలికి పరచండి. కుక్క కాలు బొంత మీద పడగానే "యస్", ముక్క. ముక్క చేతికి కాకుండా బొంత మీదే పెట్టండి, లేకపోతే కుక్క మీ చేతి వెంట తిరుగుతుంది. ఒకసారికి పది ముక్కలు, ఐదు నిమిషాలు, రోజుకు మూడు సార్లు, తిండికి ముందు. రెండు మూడు రోజులకు బొంత పరచగానే తనే వచ్చి ఎక్కుతుంది. అప్పుడు పడుకున్నదాకా ఆగి ఇవ్వండి. పడుకున్నాక మూడు సెకన్లకొకటి, తర్వాత ఐదు, పది, ఇరవై. ఈ లెక్క ఎప్పుడూ పైకే పోవద్దు: పది, నాలుగు, పదిహేను, ఆరు, ఇరవై - ఇట్లా కిందికీ మీదికీ పోవాలి. ప్రతిసారీ పెంచుకుంటూ పోతే కుక్కకు "ఇక కష్టమే" అని అర్థమై లేచి పోతుంది.

బొంత మీద ఒక నిమిషం ఉండగలిగాక బెల్లు. మీ ఇంటి బెల్లు చప్పుడునే ఫోన్లో రికార్డు చేసుకోండి, వేరే ఇంటిది పనికిరాదు. కుక్క చెవి మాత్రమే కదిలేంత తక్కువ సౌండ్‌తో మోగించండి. బెల్లు, ఒక సెకను, ముక్క. వరస ఇదే. ముక్కల డబ్బా ముందు గలగలలాడి తర్వాత బెల్లు మోగితే కుక్క డబ్బాను నేర్చుకుంటుంది, బెల్లును కాదు. అందుకే డబ్బా మూత ముందే తీసి గూట్లో పెట్టుకోవాలి. పది సార్లలో ఎనిమిది సార్లు మొరగకుండా మీ వైపు చూస్తే సౌండ్ ఒక గీత పెంచండి. ఆరు సార్లే అయితే అక్కడే ఉండండి. ఐదు కన్నా తక్కువైతే ఒక గీత దించండి. ఫోన్ పూర్తి సౌండ్ దాకా పోయాక అసలు బెల్లు ఇంటివాళ్లే నొక్కాలి, ఆ తర్వాత పక్కింటి తెలిసినాయన, ఆ తర్వాత కొత్తవాళ్లు. ఇది తొందరగా అయితే మూడు వారాలు, మొండిగా అలవాటైన కుక్కకు ఆరు వారాలు. షోలో ఇది ఒక పాటలో అయిపోతుంది.

చెడేది ఎక్కడంటే, నాలుగైదు చోట్ల. మొదటిది, మొరిగి మొరిగి ఏమీ దొరకనప్పుడు కుక్క ఆపే ముందు ఇంకా గట్టిగా మొరుగుతుంది. లిఫ్టు రాకపోతే మనం బటన్‌ను పదిసార్లు నొక్కినట్టు. సరిగ్గా అప్పుడే "ఈ పద్ధతి పని చేయట్లేదు" అని వదిలేస్తారు, లేదా విసిగి ఒక ముక్క పడేస్తారు. అప్పుడు కుక్కకు తెలిసేది, మామూలుగా కాదు, ఇంత గట్టిగా మొరగాలన్నమాట అని. రెండోది ఇంకా తెలివైన తప్పు: కుక్క మొరుగుతుంది, ఉరికొచ్చి బొంత ఎక్కుతుంది, ముక్క తింటుంది. కొన్ని రోజులకు మొరగడం కూడా ఆ ఆటలో ఒక మెట్టు అయిపోతుంది. విరుగుడు, బొంత ఎక్కాక లోపలే ఐదు నుంచి పది దాకా లెక్కపెట్టి, నిశ్శబ్దంగా ఉంటేనే ఇవ్వడం. మూడోది, చికెన్ నోటి ముందు పెట్టినా ముట్టకపోవడం. అది పొగరు కాదు, భయమో ఉద్రేకమో తలకెక్కిందని అర్థం. దూరం పెంచాలి, సౌండ్ తగ్గించాలి. నాలుగోది, ముక్క చూపించి పిలవడం. ముందు చూపితే అది లంచం, పని అయ్యాక వస్తే అది కూలి. లంచానికి అలవాటైన కుక్క మీ చెయ్యి చూసే వస్తుంది.

ఐదోది మన ఇండ్లకే ప్రత్యేకం. మనుషులకు తెలుగు, కుక్కకు ఇంగ్లీషు! మనవడు "సిట్" అంటాడు, తాత "సిట్ డౌన్" అంటాడు, నానమ్మ "కూసో బిడ్డా" అంటుంది. కుక్కకు ఇవి మూడు వేర్వేరు చప్పుళ్లు. 'డౌన్' అంటే పడుకోవడం అని కూడా నేర్పి ఉంటే "సిట్ డౌన్" అన్నప్పుడు పాపం అది ఏం చేయాలి? నానమ్మ నోట ఇంగ్లీషు పలకదు గనుక ఇల్లంతా "కూసో" అనడమే తెలివైన పని. మాటలు ఐదో ఆరో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.

మనుషుల మీదికి ఎగరడం మాన్పించడం దీనిలో సగం పని. రెండు ముందరి కాళ్లు నేల మీద ఉన్నప్పుడే చూపు, మాట, ముక్క. లేచిందా, అటు తిరిగి నిలబడాలి. మోకాలితో తన్నడం, కాలి వేళ్లు తొక్కడం పాత పద్ధతులు, వాటివల్ల కుక్కకు చుట్టాలంటేనే పడకుండా పోతుంది. దావత్ ఉన్న రోజు పాఠాలు పెట్టుకోవద్దు, లోపలి గదిలో ఉంచండి.

నడక విషయంలో షోలు మనకు అంతగా పనికిరావు. అక్కడ చల్లటి గాలి, గడ్డి మైదానం, ఖాళీ కాలిబాట. మనకు మే నెలలో తారు రోడ్డు. అరచేయి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే కుక్క పాదాలకూ అది కాలే నేలే. ఎండాకాలంలో పొద్దున ఆరున్నర లోపల, రాత్రి ఎనిమిది దాటాక. చప్పిడి ముక్కు పగ్‌లను అప్పుడు కూడా దూరం తిప్పొద్దు, వాటికి ఆయాసంతోనే ప్రాణం మీదికి వస్తుంది. తాడు రెండు మీటర్లది ఉంటే చాలు. సాగుతూ పోయే డబ్బా తాడు మన గల్లీల్లో ప్రమాదం, కుక్క ఆటో కిందికి పోయాక గాని అది లాక్ పడదు. గుంజితే ఆగిపోవాలి, తాడు వదులైన క్షణమే కదలాలి. మొదటి వారం రోజులు ఇంటి నుంచి యాభై గజాలు కూడా దాటరు. ఫరవాలేదు.

వీధికుక్కల గుంపు ఎదురైతే ఏం చేయాలో బ్రిటన్ షోలో ఉండదు. వరంగల్ భద్రకాళి చెరువు కట్ట వైపు తెల్లారగట్ల నడిచేవాళ్లకు ఇది రోజూ ఉండేదే. దీనికి 'తిరుగు' అన్న మాటను వారం రోజులు ఇంటి వరండాలోనే నేర్పాలి: మాట, మీరు వెనక్కి తిరగడం, మోకాలి పక్కన ముక్క. రోజుకు పదిహేను సార్లు. బయట గుంపు ముప్పై నలభై అడుగుల దూరంలో ఉండగానే 'తిరుగు'. దగ్గరికి వచ్చాక ఏ మాటా వినబడదు. అవి వెంటబడితే గుప్పెడు డాగ్ ఫుడ్ గింజలు వాటి ముందు చల్లండి, మీవైపు కాదు. అవి నేల వాసన చూసే లోపు దారి దొరుకుతుంది. ఉరకొద్దు.

వినాయక నిమజ్జనం డీజే, దీపావళి పటాకులు. వీటి పని ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే మొదలవ్వాలి, బెల్లు పద్ధతిలోనే: తక్కువ సౌండ్, ఆ తర్వాత ముక్క. ఫోన్ స్పీకర్లో డీజే దెబ్బ రాదు గనుక బ్లూటూత్ స్పీకరు వాడండి. అయినా గుండెలదిరే అసలు చప్పుడుకు అది సాటి రాదు. కాబట్టి ఆ రోజు కిటికీలు మూసిన లోపలి గది, కూలర్ చప్పుడు, మంచం కింద దాక్కునే చోటు, పొద్దుండగానే నడక, మెడ బెల్టుకు ఫోన్ నంబరు. చప్పుడుకు బెదిరి ఆ రాత్రుల్లో కుక్కలు తప్పిపోతుంటాయి. భయపడ్డప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం పెరుగుతుందన్నది ఉత్త మాట. భయం ఒక పని కాదు, ముద్దు చేస్తే పెరగడానికి. వణికే కుక్కకు మందు కావాలంటే పండుగ నాడు కాదు, పది రోజుల ముందే డాక్టర్‌ను కలవండి. ఒళ్లు కదలకుండా చేసే మందు వేరు, భయం తగ్గించే మందు వేరు. ఏది రాస్తున్నారో అడగండి.

తిండి గిన్నె దగ్గర గుర్రుమనే కుక్కతో మాత్రం టీవీ చూసి ఏదీ చేయొద్దు. 2012లో 'డాగ్ విస్పరర్'లోనే హాలీ అనే లాబ్రడార్ గిన్నె దగ్గర పళ్లు చూపించి, మిలాన్ ఆ హెచ్చరిక పట్టించుకోకపోతే అతని చేతిని కొరికింది. గిన్నెలో చెయ్యి పెట్టి "నేనే యజమానిని" అని చూపించుకోవడం వల్ల కుక్కకు తెలిసేది ఒకటే, ఈ చెయ్యి దొంగ చెయ్యి. దానికి బదులు, అది తింటుండగా ఆరేడు అడుగుల నుంచి ఒక చికెన్ ముక్క గిన్నె వైపు విసిరి వెళ్లిపోండి. రోజుకు నాలుగైదు సార్లు. మీరు కనబడగానే తల ఎత్తి తోక వదులుగా ఊపితే, ఒక అడుగు దగ్గరికి. బిగుసుకుంటే రెండడుగులు వెనక్కి. గుర్రుమన్నందుకు కొట్టొద్దు. గుర్రు అనేది హెచ్చరిక, దాన్ని కొట్టి మాన్పిస్తే రేపు చప్పుడు లేకుండా కొరుకుతుంది. పంటి గాటు పడితే సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు దవాఖానాకు. కారం, సున్నం, పసుపు రాయొద్దు. పెంపుడు కుక్కే కదా, టీకా వేయించాం కదా అనుకొని ఊకోవద్దు.

నిన్నటిదాకా బాగున్న కుక్క ఉన్నట్టుండి గుర్రుమంటే, ఇంట్లో మూత్రం పోస్తే, ముట్టుకోనివ్వకపోతే అది ట్రైనర్ పని కాదు. చెవి పుండు, పంటి నొప్పి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, గోమార్ల నుంచి వచ్చే జ్వరం - ముందు ఇవి చూపించాలి. ఊరి పశువుల దవాఖానా ఉంది, మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది.

పిల్లుల షో సంగతి క్లుప్తంగా. 2011లో యానిమల్ ప్లానెట్‌లో వచ్చిన జాక్సన్ గెలాక్సీ 'మై క్యాట్ ఫ్రమ్ హెల్'లో పిల్లి కన్నా ఇంటిని ఎక్కువ మారుస్తారు, అదే దాని బలం. ఎన్ని పిల్లులుంటే అంతకు ఒకటి ఎక్కువ ఇసుక డబ్బాలు, తిండికి దూరంగా. ఎక్కడానికి గోడకు రెండు మూడు చెక్కలు. తాడుకు కట్టిన ఈకతో పది నిమిషాలు వేటాడించి వెంటనే తిండి. సగం గొడవలు అక్కడే తీరుతాయి.

మీ వల్ల కాక ట్రైనర్‌ను పెట్టుకుంటే, కుక్కను నెల రోజులు తన దగ్గర వదిలి వెళ్లమనే వాళ్ల విషయంలో జాగ్రత్త. అక్కడ నేర్చింది అక్కడి మనిషితో, అక్కడి నేల మీద. మీ గేటు, మీ బెల్లు, మీ నానమ్మ అక్కడ ఉండరు. తప్పు చేస్తే మీరేం చేస్తారని అడగండి. "చూద్దాం, ఎట్లా చేయాలో నాకు తెలుసు" అని దాటేస్తే సంచిలో ముళ్ల బెల్టు ఉందేమో చూడండి. డబ్బులు మాట్లాడే ముందు, ఆయన ఇప్పటికే నేర్పిన కుక్క ఏదైనా ఉంటే దాన్ని దూరం నుంచి ఒక్కసారి పిలవమనండి. వస్తుందా రాదా అన్నది కాదు, తోక ఎక్కడ పెట్టుకొని వస్తుందో చూడండి.